మత్తడి దగ్గర మొదలుపెట్టండి, బస్తీని పక్కన కూర్చోబెట్టుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో చెరువు కమిటీలకు కొదవ లేదు. తొలకరికి మోరీ నీళ్లు గేటు లోపలికి రాగానే ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఆదివారం పొద్దున పది గంటలకు క్లబ్ హౌస్‌లో మీటింగు, ఆ పై ఆదివారం గ్లవ్స్ తొడుక్కుని కట్ట మీద ఫొటో, సోమవారం ప్రజావాణిలో ఒక వినతిపత్రం. దసరా దాటేసరికి గ్రూపులో గుడ్ మార్నింగులు మిగులుతాయి, చెరువు ఇంకో పది గుంటలు తగ్గి ఉంటుంది. చిత్తశుద్ధి లేక ఇలా జరగడం లేదు. చెరువు ఎక్కడి దాకా అన్నది కమిటీకి తెలియదు, చెరువు ఒడ్డున బతికేవాళ్లు కమిటీలో ఉండరు. ఈ రెండు లోపాల గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వేయగలరని ఆశ.

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) అన్న మాట ఇప్పుడు కిరాణా కొట్టు దగ్గర కూడా వినబడుతోంది. 2024 జులైలో జీవో 99తో, చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఆ మాటకు భయం కూడా తోడైంది. దాని అర్థం మాత్రం వెనకటి నీరటికాడికి బాగా తెలిసిందే: మత్తడి, అంటే అలుగు, పైఅంచు మట్టం. చెరువు నిండి మత్తడి దూకబోయే సమయానికి నీటి అంచు నేల మీద ఎక్కడెక్కడ తాకి ఉంటుందో ఆ గీతే ఎఫ్‌టీఎల్. కంప్యూటర్‌లో గీసినా, రాళ్లు పాతినా, ఆ గీతకు తల్లి మత్తడే. అందుకే చెరువు మింగాలనుకున్నవాడు కట్ట జోలికి పోడు, కట్ట తెగితే ఊరంతా చూస్తుంది. మత్తడిలో రెండు వరసల రాయి పీకేస్తాడు, లేదంటే పక్కన గండి కొట్టి పైపు వేస్తాడు. మన చెరువుల్లో నీళ్లు వచ్చే వైపు నేల దాదాపు చదునుగా ఉంటుంది. వాలు నూటికి ఒకటి అనుకుంటే, మత్తడిలో 30 సెంటీమీటర్ల గండికి 30 మీటర్ల మేర నేల తేలుతుంది. ఒడ్డు పొడవు 200 మీటర్లైతే అది 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరంన్నర. రెండు మూడేళ్లు ఆ నేల ఎండి, గడ్డి మొలిచి, గొర్లు మేసాక, ‘ఇక్కడికి నీళ్లే రావు సార్’ అని చెప్పడానికి ఇరవై మంది సాక్షులు దొరుకుతారు. వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటుంది. చేపలు దూకి పోకుండా మత్తడికి జాలీ కడతారు. అందులో గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు ఇరుక్కుని నీళ్లు మత్తడి మట్టం దాటి పైకి లేస్తాయి. అప్పుడు మునిగేది ఎఫ్‌టీఎల్ బయట, చట్టబద్ధంగా కట్టుకున్న కాలనీ. కాలనీవాళ్లు కబ్జా అని అరుస్తారు, అసలు అడ్డం ఒక ఇనుప జాలీ. కాబట్టి కమిటీ మొదటి పని మత్తడి దగ్గరికి పోయి, దాని పొడవు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకోవడం. తర్వాత నీటిపారుదల శాఖలో ఆ చెరువు మెమాయిర్ (చెరువు వివరాల రికార్డు) నకలు అడగాలి. మత్తడి పొడవు, దాని మట్టం, ఆయకట్టు అందులో ఉంటాయి. ఈ రెండు అంకెలూ కలవకపోతే మీకు ఒక ఫిర్యాదు దొరికినట్టే. అది ఇళ్ల మీద ఫిర్యాదు కాదు, మత్తడి మీద ఫిర్యాదు. బస్తీ కూడా దాని మీద సంతకం పెడుతుంది. ఈ తేడా ఎంత పెద్దదో ముందు ముందు తెలుస్తుంది.

ఆ గీత నేల మీద ఎటు పోతుందో చూడటానికి డ్రోన్లు అక్కర్లేదు. మేస్త్రీ దగ్గరుండే ట్యూబ్ లెవెల్ చాలు. 20 మీటర్ల పారదర్శకమైన గొట్టం, సరిగ్గా ఒక మీటరు ఎత్తున గీత పెట్టిన రెండు కర్రలు, ఒక బకెట్ నీళ్లు, కొద్దిగా నీలిమందు. బకెట్‌ను ఎత్తు మీద పెట్టి, గొట్టం ఒక కొస అందులో ముంచి, రెండో కొసను కిందికి దించి నీళ్లు లాగాలి. పై నుంచి మగ్గుతో పోస్తే బుడగలు చేరతాయి, బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. ఒక కర్ర మత్తడి అంచు మీద నిలబెట్టాలి. రెండో కర్ర పట్టుకున్న మనిషి పైకీ కిందికీ జరుగుతూ పోవాలి. రెండు కొసల్లోనూ నీళ్లు ఒక మీటరు గీత దగ్గరే నిలిచిన చోట ఒక మేకు కొట్టాలి. అక్కడి నేల మత్తడితో సమానమన్న మాట. ఆ మేకు మీదికి మొదటి కర్రను మార్చి ముందుకు సాగాలి. పొద్దున ఎండెక్కక ముందే ముగించాలి, గొట్టం సగం ఎండలో సగం నీడలో ఉంటే నీళ్ల బరువు మారుతుంది. జరిగేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూయాలి, నిలబడ్డాక రెండూ ఒకేసారి వదలాలి. ఒకరు ముందు, ఒకరు వెనక వదిలితే నీళ్లు ఒలికిపోతాయి. ఒక్కోసారి అర సెంటీమీటరు తప్పు సహజం, ఇరవై మజిలీలకు అది పేరుకుంటుంది. అందుకే చివర మళ్లీ మత్తడి దాకా వచ్చి సరిచూసుకోవాలి. 5 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తేడా వస్తే మొదటి నుంచీ చేయాల్సిందే. నూటికి ఒకటి వాలులో 5 సెంటీమీటర్లంటే నేల మీద 5 మీటర్లు, అంటే ఒక ఇల్లు. ఈ కొలతతో ఎవరి ఇంటి వైపూ వేలు చూపించకూడదు. దీనికి చట్టం ముందు విలువ లేదు. రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి చేసే సర్వే గీత మీ మేకులకు ఎంత దూరంలో పోతోందో చూసుకోవడానికే ఇది. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండినప్పుడే ఈ పని కుదురుతుంది.

కాగితాల సంగతి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల జాబితాలో ప్రతి చెరువుకూ ఒక ఐడీ నంబరు, ఎఫ్‌టీఎల్ పటం, ప్రాథమిక నోటిఫికేషనా తుది నోటిఫికేషనా అన్న వివరం ఉంటాయి. రెండింటి మధ్యలోనే అభ్యంతరాలు తీసుకుంటారు. కమిటీలు మేల్కొనేసరికి చాలాసార్లు ఆ గడువు దాటిపోతుంది. పటంలో సర్వే నంబర్లు చూసి, ఒక్కో నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) తీయించండి. శిఖం అంటే చెరువు నీళ్ల కింద ఉండే నేల. శిఖం సర్కారీ అని ఉంటే అది ప్రభుత్వ భూమి. శిఖం పట్టా అని ఉంటే పట్టాదారు ఉన్నాడు, నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకునే హక్కు ఉంది, ఇల్లు కట్టే హక్కు లేదు. కాలనీ కమిటీలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. శిఖం పట్టా భూమిని ‘సర్కారు భూమి కబ్జా’ అని రాస్తారు. అవతలి వకీలు పట్టా పుస్తకం చూపించి ఒక్క వాయిదాలో కొట్టేయిస్తాడు. రాయాల్సింది ‘ఎఫ్‌టీఎల్ లోపల నిర్మాణం’ అని. భూమి ఎవరిదన్న గొడవే అక్కర్లేదు.

బఫర్, అంటే ఎఫ్‌టీఎల్ బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ, కూడా నోటికొచ్చినట్టు చెబుతుంటారు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. నాలాల విషయంలో 10 మీటర్ల కన్నా వెడల్పైన వాటికి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. తొమ్మిది మీటర్ల బఫర్ ఉన్న కుంటకు ముప్పై మీటర్లని వాట్సాప్‌లో తిప్పితే, రాత్రికి రాత్రి వంద కుటుంబాలు మీకు శత్రువులవుతాయి.

సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే జవాబు రాదు, అభిప్రాయాలు చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. ‘ఫలానా చెరువు ఉమ్మడి సర్వే పంచనామా నకలు, మెమాయిర్ నకలు, ఫలానా తేదీ నుంచి అందిన ఫిర్యాదుల రిజిస్టరు పేజీలు’ అని కాగితం పేరు పెట్టి అడగాలి. ఒక దరఖాస్తులో ఒకే చెరువు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కుదరకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. వాయిదా తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకునే మనిషి ఒక్కరు లేక ఎన్నో మంచి దరఖాస్తులు మురిగిపోయాయి. వేరే శాఖ కాగితమైతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి, ‘మాది కాదు’ అని వెనక్కి ఇవ్వకూడదు.

ఇక అసలు కష్టం. కబ్జాదారు అన్న ఒక్క మాటలో మనం ముగ్గురిని కుక్కేస్తున్నాం. రాత్రి పూట టిప్పర్లతో మట్టి కొట్టించి లేఅవుట్ వేసినవాడు ఒకడు. వాడి దగ్గర నోటరీ కాగితం మీద అరవై గజాలు కొన్న అడ్డా కూలీ ఒకడు. ఆ ఇంట్లో నెలనెలా కిరాయి కట్టి ఉంటున్నవాడు మూడోవాడు. జేసీబీ వచ్చిన రోజు మొదటివాడు అక్కడ ఉండడు. మూడోవాడికి ఏ జాబితాలోనూ పేరుండదు, పునరావాసం అంటే ఇంటి యజమాని లెక్కే తప్ప కిరాయిదారు లెక్క కాదు. 2014 డిసెంబరు నాటి జీవో 58 కింద 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ ఉండె, కాని చెరువు భూమికి అది వర్తించదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలన్నది. అదే తీర్పులో రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, నీటి వనరుల మీది అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవనీ ఉంది. బస్తీలో చాలామందికి మొదటి సగమే తెలుసు. తీర్పు కాగితం లామినేషన్ చేయించి గోడకు తగిలించినా అది వాళ్లను కాపాడదు. ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు కమిటీలో ఉండాలి, చెప్పడం కటువే అయినా.

అదే సంవత్సరం మూసీ ఒడ్డున ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, నది గర్భంలోని ఇల్లు, తీసేయాలన్న గుర్తు రాసినప్పుడు ఏం జరిగిందో మీ పత్రిక పాఠకులకు గుర్తుండే ఉంటుంది. డబుల్ బెడ్రూం ఇళ్లు ఇస్తామన్నా కదలనివాళ్లను మొండివాళ్లని అన్నారు. నాలుగు ఇళ్లలో పాచిపని చేసే మనిషికి ఆ నాలుగు ఇళ్లూ నడిచిపోయే దూరంలో ఉన్నాయి. పది కిలోమీటర్ల అవతల ఫ్లాటు ఇస్తే ఇల్లు వస్తుంది, పని పోతుంది. అందుకని కమిటీ మొదటి తీర్మానంలోనే ఈ వాక్యం ఉండాలంటాం: ఇల్లు చూపించకుండా ఇల్లు తీయొద్దు, చూపించే ఇల్లు పనికి దూరం కావొద్దు, కిరాయిదారు పేరు లెక్కలో ఉండాలి. ఇది దయ కాదు. ‘అంతా కూల్చండి’ అని కాలనీ అన్న మరునాడు బస్తీ పోయి లేఅవుట్ వేసినవాడి వెనకే నిలబడుతుంది, ఎందుకంటే ఆ రోజుకు వాళ్ల తరఫున మాట్లాడేవాడు వాడొక్కడే. ఆ పేదల ఇళ్లే వాడికి కోట గోడ. కోర్టులో వాడి పిటిషన్‌లో మొదటి పేరు ఎప్పుడూ ఒక వితంతువుదో ఒక దివ్యాంగుడిదో ఉంటుంది, చూడండి.

బస్తీని పిలిచామండీ, వాళ్లే రాలేదు అంటారు. ఆదివారం పదింటికి క్లబ్ హౌస్‌కు ఎవరొస్తారు? పాచిపనివాళ్లకు అది పని మధ్య వేళ. అడ్డా కూలీకి ఆదివారం పని దొరికితే అదే పండగ. సెక్యూరిటీ గార్డు గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపే చోటికి పిలిచి, రాలేదనడం న్యాయం కాదు. రాత్రి ఎనిమిది తర్వాత, అంగన్‌వాడీ ముందో, గుడి అరుగు మీదో, ఆషుర్‌ఖానా వాకిట్లోనో చాపలు వేసి కూర్చుంటే మనుషులు వస్తారు. తెలుగులో చెప్పింది ఉర్దూలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మినిట్స్ రాసినాయన చివర్లో అందరికీ వినబడేలా చదవాలి, సంతకాలు ఆ తర్వాతే. కొత్త సంఘం పెట్టే ముందు ఉన్న సంఘాలను వెతకండి. పొదుపు సంఘాలు, వాటి మీద స్లమ్ లెవెల్ ఫెడరేషన్ బస్తీల్లో ఇప్పటికే ఉన్నాయి. నెలనెలా లెక్క చూసుకునే అలవాటున్న ఆడవాళ్లు వాళ్లు. మత్స్యకార సహకార సంఘానికి చెరువు మీద చేపల హక్కు ఉంటుంది, నీళ్లు చెడితే మొదట నష్టపోయేది ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలే. దోబీఘాట్ ఉంటే రజకులు. తెల్లారుజామున ఊడ్చే సఫాయి కార్మికులకు ఏ లారీ ఎప్పుడొచ్చి మట్టి పోసిందో తెలుసు, వాళ్లను ఎవరూ అడగరు.

ఇంటింటి లెక్క తీయడం తప్పనిసరి, అందులో జరిగే పొరపాటు కూడా ఎప్పుడూ ఒకటే. కాగితం పట్టుకుని ఎవరైనా గల్లీలోకి రాగానే ‘ఇళ్లు ఇస్తారంట’ అన్న పుకారు లేస్తుంది. సాయంత్రానికి ఒక దళారి తయారై పేరు ఎక్కించడానికి ఐదొందలు వసూలు చేస్తాడు. అందుకని ఫారం పైన పెద్ద అక్షరాలతో ‘ఇది ఇళ్ల దరఖాస్తు కాదు, డబ్బు ఎవరికీ ఇవ్వకండి’ అని అచ్చు వేయాలి. ఇద్దరు కలిసి పోవాలి, అందులో ఒకరు ఆ గల్లీవాళ్లే అయి ఉండాలి. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, సొంతమా కిరాయా, ఏ కాగితం ఉంది, ఎవరి దగ్గర కొన్నారు, పని ఎక్కడ, పిల్లలు ఏ బడికి పోతున్నారు – ఇంతే అడగాలి. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదుల్లో అన్నిటికన్నా పాతదాని తేదీ రాసుకోవాలి. అసలు కాగితాలు తీసుకోకూడదు, ఆధార్ నంబరు రాయకూడదు. నింపిన ఫారం నకలు ఆ ఇంటివాళ్లకే ఇవ్వాలి. జాబితాను వాట్సాప్‌లో పెట్టారో, అది మరుసటి రోజుకు లేఅవుట్ వాడి చేతిలో ఉంటుంది. ‘ఎవరి దగ్గర కొన్నారు’ అన్న గడిలో వంద ఫారాలకు రెండు మూడు పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. మీ ఫిర్యాదు పోవాల్సింది ఆ రెండు మూడు పేర్ల మీదికి.

కాలనీని, బస్తీని ఒకే చాప మీద కూర్చోబెట్టేది పర్యావరణం అన్న మాట కాదు, దోమ. కాబట్టి మురుగు దగ్గర మొదలుపెట్టండి, అందులోనూ కాలనీ తన ఇంటి లెక్క ముందు చెప్పుకోవాలి. 500 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగుగా బయటికి: 2,16,000 లీటర్లు, ప్రతి రోజూ. నల్లా రోజు విడిచి రోజు వచ్చే గుడిసెల వరస ఎంత ఒంపినా దీని దరికి రాదు. ‘మాకు ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది’ అంటారు. ఉంది, కరెంటు బిల్లు భయానికి రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తారు. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి కావాలి, గంటల తరబడి గాలి అందకపోతే అవి చస్తాయి. పొద్దున మళ్లీ వేస్తే లేచి రావు, మళ్లీ పెరగడానికి రోజులు పడుతుంది. ఈలోగా బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. చూడటం తేలిక: యాక్టివేటెడ్ స్లడ్జ్ రకం ప్లాంటులో గాలి తొట్టి నుంచి ఒక లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున 200–300 మిల్లీలీటర్ల మట్టిరంగు మడ్డి కూర్చుని, పైన నీళ్లు తేటగా ఉంటే ప్లాంటు బతికి ఉంది. మడ్డి నల్లగా ఉండి కుళ్లు కంపు కొడితే గాలి చాలలేదు. మడ్డే లేకపోతే అది ప్లాంటు కాదు, తొట్టి. బ్లోయర్‌కు విడి మీటరు పెట్టించి, రీడింగు నోటీసు బోర్డు మీద రోజూ రాయించండి. ఆ బోర్డు బస్తీవాళ్లు చూసిన రోజు మీ మాటకు విలువ వస్తుంది.

చేపలు చచ్చి తేలినప్పుడు గంటల లెక్కన కదలాలి. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లవారక ముందు. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపు చాలాసేపు ఉంటే చేపలకు కష్టం, ఇంకా తగ్గితే పైకి వచ్చి నోరు తెరుస్తాయి. మధ్యాహ్నం మీటరు పెట్టి కొలిచి ‘బాగానే ఉంది’ అని రాసుకుపోయేవాళ్లున్నారు. పాచి ఎండకు ఆక్సిజన్ వదిలాక బాగానే ఉంటుంది మరి. తెల్లవారుజామున ఐదింటికి కాలుష్య నియంత్రణ మండలికి ఫోను, వెంటనే రాతపూర్వక ఫిర్యాదు వెళ్లాలి. మీరు సీసాలో పట్టి ఐసు పెట్టెలో ప్రైవేటు ల్యాబుకు ఇచ్చిన నమూనా వార్తకు పనికొస్తుంది. కోర్టుకు మాత్రం 1974 నాటి నీటి కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం మండలి అధికారి పద్ధతిగా తీసిందే కావాలి. అందుకే ఫిర్యాదులో ‘సెక్షన్ 21 కింద నమూనా తీయండి’ అనే రాయాలి.

మట్టి నింపడానికి ఒక వరస ఉంటుంది. ముందు కూల్చిన ఇళ్ల శిథిలాలు, పైన మొరం, తర్వాత ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డుకు కరెంటు మీటరు, దాని పక్కన ఒక జెండానో దేవుడి పటమో. మీటరు వచ్చాక తీయించడానికి ఏళ్లు పడుతుంది, శిథిలాల దశలో వారంలో అవుతుంది. నగరంలో శిథిలాలు తీసుకునే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లాగూడ వంటి చోట్ల ఉన్నాయి. దూరం, ఖర్చు మిగుల్చుకోవడానికే టిప్పర్ చెరువుకు మళ్లుతుంది. టిప్పర్‌ను ఆపబోయి కొట్లాట పెట్టుకోకండి. నంబరు ప్లేటు, సమయం, స్థలం పడేలా ఫొటో చాలు. దానికి తోడు కట్ట మీద ఒక గుర్తు పెట్టుకుని, ప్రతి నెలా ఒకటో తారీఖున అదే చోటి నుంచి, అదే వైపు ఒక ఫొటో తీయాలి. పన్నెండు ఫొటోలు వరసగా పెడితే పిటిషన్ సగం రాసినట్టే. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి పోవాలంటే ఫీజు 1,000 రూపాయలు. విషయం పుట్టిన ఆరు నెలల్లోపు పోవాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. ‘ఎప్పుడు పుట్టింది’ అన్న ప్రశ్నకు జవాబు ఆ ఫొటోల్లోనే ఉంటుంది.

శ్రమదానం గురించి ఒక్క మాట. గుర్రపు డెక్క పీకి కట్ట మీద కుప్ప పోస్తే మొదటి వానకు మళ్లీ నీళ్లలోకి జారుతుంది. మురుగు ఆగనంత కాలం రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పూత రాకముందే తీసి అదే రోజు దూరంగా తరలించాలి. నాలాలో దిగే పనికి బస్తీ కుర్రాళ్లను పంపి మనం కట్ట మీద నిలబడటం తప్పు. మ్యాన్‌హోల్‌లోకైతే ఎవ్వరినీ దింపకూడదు. రక్షణ పరికరాలు లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. వాసన రాని స్థితికి చేరిన విషవాయువే అన్నిటికన్నా ప్రమాదం, ముక్కు మొద్దుబారిందని మనిషికి తెలియదు.

సుందరీకరణ నిధులు వచ్చాయంటే కమిటీలు మురిసిపోతాయి. టెండరు పటం అడిగి చూడండి. వాకింగ్ ట్రాక్ కోసం చెరువు చుట్టూ కట్ట పోస్తే, అది చాలాసార్లు ఎఫ్‌టీఎల్ లోపలే పడుతుంది. బయట మిగిలిన ముక్క ఎవరిదవుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ కట్ట వాన నీళ్లను లోపలికి రానివ్వదు, ఎగువ బస్తీలోకి తిప్పుతుంది. మురుగును పైపులో మళ్లించే పథకమైతే ఆ పైపు ఎక్కడ తేలుతుందో అడగండి. చాలాసార్లు జవాబు కింది చెరువు. మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు వరవ. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకు ముందు పరీవాహకంలో 788 చెరువులుండగా వాటిలో 221 తెగాయని విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు గండిపడి కింది బస్తీలు మునిగిన రోజు కూడా గొలుసు అదే పని చేసింది. అందుకే పై చెరువు కమిటీ నుంచి ఒకరు, కింది చెరువు కమిటీ నుంచి ఒకరు మీ మీటింగులో ఉండాలి. ఈ ఒక్కటి పాటించిన కమిటీలు చాలా తక్కువ.

పత్రికగా మీకు రెండు విన్నపాలు. చెరువు కూల్చివేతల వార్త రాసేటప్పుడు సర్వే నంబరు, నోటిఫికేషన్ ప్రాథమికమా తుదా, మట్టి పోయించింది ఎవరు, కిరాయిదార్లు ఎందరు – ఈ నాలుగూ వేయండి. జేసీబీ ఫొటో ఎలాగూ వేస్తారు. రెండోది, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన చెరువుల పేర్లు, అభ్యంతరాల ఆఖరి తేదీ జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టెలో వేయండి. ఉమ్మడి సర్వేకు టోటల్ స్టేషన్ (సర్వే యంత్రం) పట్టుకుని అధికారులు వచ్చే రోజు తెలిస్తే అదీ వేయండి, మూడు రోజుల ముందైతే మేలు. ఆ రోజు మత్తడి మీద మత్స్యకార సంఘం నుంచి, పొదుపు సంఘం నుంచి, కాలనీ నుంచి తలా ఒకరు నిలబడి, మొదటి రీడింగు మత్తడి అంచు మీదే తీస్తున్నారా, పక్కన గండి అడుగున తీస్తున్నారా అన్నది చూడాలి.

ఇట్లు,
చెరువుల పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్